కాలనీ చెత్త కమిటీలో నన్ను మెంబర్‌ను చేశారు, మొదట ఏం చేయాలి?

గుట్టకింది_ఇల్లు:
నమస్తే అందరికీ. మాది హన్మకొండ, పద్మాక్షి గుట్టకు దగ్గరలోనే. పోయిన ఆదివారం కాలనీ అసోసియేషన్ మీటింగుకు పది నిమిషాలు లేటుగా పోయాను, అదే నేను చేసిన తప్పు. పోయేసరికి "పర్యావరణ, రీసైక్లింగ్ వలంటీర్ కమిటీ" అని ఒకటి పుట్టి ఉంది, తొమ్మిది మంది మెంబర్లు, మూడో పేరు నాది. కాలనీలో 140 ఇళ్లు, చేతిలో 20,000 రూపాయలు. అధికారం ఏమీ లేదు. ఎవరికీ ఫైన్ వేయలేం, ఎవరినీ గట్టిగా అడగలేం, ఇంటింటికీ పోయి బతిమాలడానికి నోరు మాత్రం ఉంది.

ఇప్పటికి వచ్చిన సలహాలు రెండు. ఒకటి స్కూలు పిల్లలతో ర్యాలీ, ముందు పెద్ద ఫ్లెక్సీ. ప్లాస్టిక్ వద్దని చెప్పడానికి ప్లాస్టిక్ ఫ్లెక్సీ ఎందుకండీ అంటే అందరూ నవ్వారు, నవ్వి మళ్లీ ఫ్లెక్సీ సైజు గురించే మాట్లాడుకున్నారు. రెండోది ఇంటికో బట్ట సంచి పంచడం. మా ఇంట్లో అట్లాంటివి ఇప్పటికే పదకొండు ఉన్నాయి, పెళ్లిళ్లలో ఇచ్చినవి, బట్టల షాపులో ఇచ్చినవి. కూరగాయలకు పోయేటప్పుడు ఒక్కటి కూడా గుర్తుకు రాదు.

ఇట్లాంటి కమిటీలో పనిచేసిన వాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. 20,000 రూపాయలు దేనికి ఖర్చు పెట్టాలి, ముందు ఏ పని పట్టుకోవాలి?

ఓరుగల్లు_సందేహం:
ఫొటో దిగండి, వాట్సాప్‌లో పెట్టండి, కమిటీ పని అయిపోయినట్టే.

కోపం తెచ్చుకోకండి అన్నా, అనుభవంతో చెప్తున్నా. మేము రెండేళ్లు తడి చెత్త, పొడి చెత్త వేరు చేశాం. మా ఆవిడ పాల ప్యాకెట్లు కడిగి దండెం మీద ఆరబెట్టేది, చుట్టాలు వచ్చి ఇవేంటి అని అడిగేవాళ్లు. ఒక రోజు నేనే చెత్త ఇవ్వడానికి కిందికి పోతే, ఆటో అతను రెండు బకెట్లూ తీసుకుని ఒకే దాంట్లో గుమ్మరించాడు. నా కళ్ల ముందే. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఒకటే డబ్బా. కమిటీ వేసేవాళ్లు ముందు దీనికి జవాబు చెప్పాలి.

విశ్రాంత_సైన్స్_సార్:
సందేహం గారి మాటలో నిజం ఉంది కానీ చరిత్ర కూడా కొంచెం గుర్తు చేసుకుందాం. 2012 అక్టోబరులో మన వరంగల్‌లోనే క్లీన్ సిటీస్ చాంపియన్‌షిప్ అని జరిగింది. అప్పటి ఉమ్మడి రాష్ట్రంలోని వేరే మున్సిపాలిటీల నుంచి పారిశుధ్య సిబ్బంది జట్లు జట్లుగా వచ్చి, ఇంటింటికీ తిరిగి, తడి పొడి వేరుగా తీసుకున్నారు. నేను అప్పుడు సర్వీసులో ఉన్నాను, మా పిల్లల్ని వెంట తీసుకుపోయి చూపించాను. దేశంలో వేరే ఊళ్ల వాళ్లు వచ్చి మన ఊరిని చూసి నేర్చుకున్న రోజులు అవి. వీధి మూలల్లో చెత్తకుండీలు తీసేసి ఇంటి దగ్గరే తీసుకోవడం మనకు అలవాటైంది అప్పుడే.

అంటే మన ఊరికి చేతకాక కాదు. చేసి చూపించాం. వారం రోజులు చేసినదాన్ని పదేళ్లు నిలబెట్టడం వేరే పని, దానికి ర్యాలీ పనికిరాదు. వలంటీర్ల అవసరం అక్కడే ఉంది. ఉద్యోగులు బదిలీ అయి పోతుంటారు, కాలనీ వాళ్లు ఉన్నచోటే ఉంటారు కదా.

కాంటా_కాకా:
నేను పాత సామాన్ల దుకాణం నడుపుతా, ఇరవై రెండేళ్లుగా. మీరంతా రీసైక్లింగ్ అంటున్నది మాకు రోజూ పొద్దున షట్టర్ ఎత్తితే మొదలయ్యే పని. మా దగ్గరికి బండ్ల మీద తెచ్చేవాళ్లు పధ్నాలుగు మంది, ఇంటింటికీ తిరిగి కొనేవాళ్లు కొందరు, రోడ్ల మీద ఏరుకొచ్చేవాళ్లు కొందరు. కమిటీలో వాళ్లలో ఒక్కరైనా ఉన్నారా? తొమ్మిది మందిలో తొమ్మిది మందీ ఇంజనీర్లు, టీచర్లే అయి ఉంటారు.

అడిగారు కాబట్టి చెప్తా, మా కాంటా మీదికి వచ్చేది ఏంది, రానిది ఏంది అని.

ఇనుము, ఇత్తడి, అల్యూమినియం గురించి చెప్పే పనే లేదు, అవి ఎక్కడున్నా మా వాళ్లు వెతుక్కుంటూ వస్తారు. అట్టలు, పాత పేపర్లు తీసుకుంటాం, కానీ తడిస్తే రేటు పడిపోతుంది, నూనె మరకలుంటే అసలు వద్దు. నీళ్ల బాటిళ్లు, కూల్‌డ్రింక్ బాటిళ్లు తీసుకుంటాం, అవి పోయి నలిగి ముక్కలై దారం అవుతాయి, మీరు వేసుకునే పాలిస్టర్ చొక్కాలో ఉండేది అదే. మూత వేరే రకం ప్లాస్టిక్, అది వేరుగా పోతుంది. పాల ప్యాకెట్లు తీసుకుంటాం, కడిగి ఆరబెడితేనే, లేకపోతే రెండు రోజుల్లో దుకాణంలో నిలబడలేం. ఇంకో మాట, పాల ప్యాకెట్ మూల కోసేటప్పుడు ఆ చిన్న ముక్క పూర్తిగా తెంపకండి, ప్యాకెట్‌కే వేలాడనీయండి. ఆ ముక్కను ఎవరూ ఏరలేరు, నేరుగా నాలాలోకి పోతుంది.

రానివి ఇవి. చిప్స్ ప్యాకెట్లు, లోపల వెండిరంగు పొర ఉంటుంది చూడండి, దాన్ని ప్లాస్టిక్ నుంచి ఎవరూ విడదీయలేరు. షాంపూ సాచెట్లు అంతే. థర్మకోల్ చూడటానికి ఇంత ఉంటుంది, కాంటా మీద పెడితే ముల్లు కదలదు. టీ తాగే కాగితం కప్పులు, పేరుకే కాగితం, లోపల ప్లాస్టిక్ పూత ఉంటుంది కాబట్టి కాగితం వాడూ తీసుకోడు, ప్లాస్టిక్ వాడూ తీసుకోడు. పగిలిన గాజుకు ధర లేదు, బీరు సీసా పగలకుండా ఉంటే మాత్రం ఉంది.

మొత్తం రీసైకిల్ అవుతుందని కాలనీ వాళ్లకు అబద్ధం చెప్పకండి. కాదని తెలిస్తేనే కొనేటప్పుడు ఒకసారి ఆలోచిస్తారు.

గుట్టకింది_ఇల్లు:
కాకా, మీ పోస్టు ప్రింటు తీసి మీటింగులో చదువుతా. మీరు అన్నట్టే మా కమిటీలో ఇద్దరు ఇంజనీర్లు, ముగ్గురు టీచర్లు, ఒక బ్యాంకు మేనేజరు. పాల ప్యాకెట్ మూల సంగతి నాకు యాభై ఏళ్లు వచ్చాక తెలిసింది.

సందేహం గారూ, మీ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు, కనుక్కుంటా.

ఎండుటాకు:
కాకా చెప్పింది పొడి చెత్త. ఇంటి చెత్తలో సగానికి పైగా తడిదే, దాని సంగతి ఎవరూ మాట్లాడట్లేదు. మిగిలిన అన్నం, కూరగాయల తొక్కలు, టీ పొడి, పూజ పూలు. అది పొడి చెత్తలో కలిస్తేనే కాకా అట్టలు పాడయ్యేది. తడిది ఇంటి గడప దాటకపోతే మిగతా సమస్య సగం తగ్గినట్టే.

నేను ఆరేళ్లుగా చేస్తున్నా, పెద్ద విద్యేమీ కాదు. పగిలిన నీళ్ల డ్రమ్ము ఒకటి తీసుకుని పక్కలకు, అడుగున బెజ్జాలు పెట్టండి. కింద కొబ్బరి పీచు వేయండి. రోజూ ఒక గిన్నె తడి చెత్త వేస్తే దాని మీద రెండు గిన్నెల ఎండుటాకులు. వారానికి ఒకసారి కర్రతో కలపండి. మొదట్లో పులిసిన మజ్జిగ గానీ పేడ నీళ్లు గానీ చల్లితే తొందరగా అందుకుంటుంది. రెండు నెలలకు నల్లటి మట్టి వస్తుంది, వాన పడ్డప్పుడు వచ్చే వాసన వస్తుంది.

కంపు వస్తే తడి ఎక్కువైందని అర్థం, ఆకులు వేయండి. ఏమీ కుళ్లకుండా అట్లానే ఉంటే ఎండిపోయిందని అర్థం, నీళ్లు చల్లండి. ఈ రెండు తప్ప నాకు వేరే సూత్రం తెలియదు. కార్బన్, నైట్రోజన్ లెక్కలు సైన్స్ సార్ చెప్తారు.

మన దగ్గర మాఘం, ఫాల్గుణంలో వేప, రావి ఆకులు కుప్పలుగా రాలతాయి, ఊడ్చి అంటుపెడతారు. ఆ ఆకులు బస్తాల్లో నింపి పెట్టుకుంటే ఏడాదంతా సరిపోతాయి. ఎనుమాముల మార్కెట్ వైపు తెలిసినవాళ్లుంటే పాత గోనె సంచులు అగ్గువకు దొరుకుతాయి. మీ 20,000లో మొదటి ఖర్చు అదే పెట్టండి.

మూడో_అంతస్తు:
అన్నా, ఇది సొంతిల్లు, వాకిలి ఉన్నవాళ్ల ముచ్చట. మేము అపార్ట్‌మెంట్‌లో అద్దెకుంటాం, బాల్కనీ నాలుగడుగులు, అందులో వాషింగ్ మెషిన్. నేను ఒకసారి మొదలుపెట్టాను, ఇరవై రోజులకు తెల్ల పురుగులు, కింది ఇంటావిడ వచ్చి ఓనర్‌కు ఫోన్ చేస్తా అంది. అయిపోయింది నా కంపోస్టు.

ఎండుటాకు:
అక్కా, ఆ పురుగులు నిజానికి చెత్తను తినేవే, కుట్టవు. కానీ కింది ఇంటావిడకు ఈ మాట చెప్పి ఒప్పించడం నావల్ల కూడా కాదు. అపార్ట్‌మెంట్‌లో ఇంటింటికీ పెట్టకూడదు, సెల్లార్ పక్కనో టెర్రస్ మీదో అందరికీ కలిపి రెండు పెద్ద డబ్బాలు పెట్టుకోవాలి, వాచ్‌మన్‌కు నెలకు కొంత ఇస్తే చూసుకుంటాడు. మాంసం, ఎముకలు, చేపలు మాత్రం వేయనీయకండి.

విశ్రాంత_సైన్స్_సార్:
కార్బన్ నైట్రోజన్ లెక్కలు చెప్పను, ఎండుటాకు చెప్పిన ఒకటికి రెండు చాలు. గాలి అందితే కుళ్లడం ఒక రకం, అందకపోతే ఇంకో రకం, అంతే తేడా. డంపింగ్ యార్డులో కుప్ప లోపలికి గాలి అందదు కాబట్టి మీథేన్ పుడుతుంది, ఎండాకాలం కుప్పలు వాటంతట అవే అంటుకోవడానికి అదొక కారణం. రాంపూర్ దగ్గర యార్డులో పాత కుప్పల్ని తవ్వి, జల్లెడ పట్టి, మట్టిని ప్లాస్టిక్‌ను విడదీసే పని జరిగింది, బయోమైనింగ్ అంటారు. మన వంటింట్లో ఒక్క నిమిషంలో అయ్యే పనిని ఏళ్ల తర్వాత మిషన్లు పెట్టి చేయడం అన్నమాట.

చట్టబద్ధంగా:
చట్టం సంగతి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను దూరుతున్నా.

కమిటీకి అధికారం లేదని బాధపడుతున్నారు కదా, మీలాంటి వాళ్ల కోసం చట్టంలోనే ఒక చోటు ఉంది. తెలంగాణ మునిసిపాలిటీల చట్టం 2019 ప్రకారం ప్రతి వార్డుకు నాలుగు కమిటీలు ఉండాలి. యువతకు ఒకటి, మహిళలకు ఒకటి, వయసుమళ్లిన వాళ్లకు ఒకటి, ఊళ్లో పేరున్నవాళ్లకు ఒకటి, ఒక్కోదాంట్లో 15 మంది. పారిశుధ్యం, మొక్కలు చూడటం వాళ్ల పనుల్లోవి. మన నగరంలో వార్డులనే డివిజన్లంటారు, అవి 66. లెక్క వేయండి, ఒక్కో డివిజన్‌కు 60 మంది చొప్పున 3,960 మంది. మీ డివిజన్ కమిటీలో ఎవరున్నారో మీలో ఎంతమందికి తెలుసు? నాకూ నిన్నటిదాకా తెలియదు. మా మేనమామే ఒక మెంబరట, ఆయనకూ సరిగ్గా గుర్తులేదు.

ఘన వ్యర్థాల నియమాలు 2016లో వచ్చాయి, 2026 ఏప్రిల్‌లో వాటి బదులు కొత్తవి వచ్చాయి, చెత్త వేరు చేసి ఇవ్వడం ఇంటివాళ్ల బాధ్యతే అని రెండింట్లోనూ ఉంది, ఆటో అతని బాధ్యత కాదు. రోజుకు వంద కిలోలు దాటి చెత్త చేసే హోటళ్లు, ఫంక్షన్ హాళ్లకు బాధ్యత ఇంకా ఎక్కువ. 2022 జూలై 1 నుంచి అలంకరణకు వాడే థర్మకోల్, ప్లాస్టిక్ ప్లేట్లు, కప్పులు, స్పూన్లు, స్ట్రాలు నిషేధం. క్యారీ బ్యాగు 120 మైక్రాన్ల కంటే పలుచగా ఉండకూడదు. ఎండుటాకు గారు చెప్పిన ఆకులకు అంటుపెట్టే సంగతి, బయట చెత్త తగలబెడితే 5,000 రూపాయలు ఫైన్ అని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016లోనే చెప్పింది.

ఇవన్నీ కాలనీలో పోయి చదవకండి, కొడతారు. మీకు తెలిసి ఉంటే చాలు.

ఓరుగల్లు_సందేహం:
ఇంటివాళ్ల బాధ్యత సరే. ఇంటివాడు చేశాక కలిపేస్తే? ఏ సెక్షన్? నా ప్రశ్న అక్కడే ఉంది ఇంకా.

ఆటో_వెనక:
సందేహం అన్నా, నేను చెప్తా. మామూలుగా ఇక్కడ చదివి పోతా, రాయను. మా అమ్మ చెత్త ఆటో మీద పని చేస్తుంది. పన్నెండేళ్లయింది.

పొద్దున నాలుగున్నరకు లేస్తుంది. వాళ్ల ఆటో తిరిగే ఏరియాలో మూడు వందలకు పైగా ఇళ్లు. అందులో వేరు చేసి ఇచ్చేవి ముప్పై నలభై. ఆటోకు రెండు అరలుంటాయి, మధ్యలో రేకు. తడి అర సగం ఏరియా తిరగకముందే నిండిపోతుంది, ఎందుకంటే కలిపి ఇచ్చిన చెత్త అంతా దాంట్లోనే వేయాలి. ఆ తర్వాత వచ్చిన ఇంటివాళ్లు వేరు చేసి ఇచ్చినా వేరుగా పెట్టే జాగా ఉండదు. పొడి అరలో వేస్తే అందులో ముందే ఏరి పెట్టుకున్న అట్టలు పాడవుతాయి. మీరు చూసింది అదే అయి ఉంటుంది. అతను మీ కష్టాన్ని లెక్కచేయక కాదు, అక్కడ వేయడానికి చోటు లేక.

పొడి చెత్తలో అమ్ముడుపోయేది ఏదైనా ఉంటే వాళ్లు తప్పకుండా పక్కకు పెట్టుకుంటారన్నా, ఆ డబ్బులే పండక్కి మాకు బట్టలు అయ్యేవి. కావాలని ఎవరు కలుపుకుంటారు?

ఇంకో మాట చెప్పాలి. మా అమ్మ కుడి అరచేతిలో గీత ఒకటి ఉంటుంది, పగిలిన ట్యూబ్‌లైట్ కవర్లో పెట్టి ముడి వేశారు ఎవరో. ఏడు కుట్లు. డైపర్లు, ప్యాడ్లు విప్పి అట్లానే వేస్తారు, వాటిని చేత్తో తీసి పక్కన పెట్టాలి. గ్లౌజులు వేసుకుంటే ముడి విప్పడం కాదు, అందుకని తీసేస్తుంది, నేను ఎన్నిసార్లు కొట్లాడినా.

కమిటీ ఏం చేయాలని అడిగారు కదా. మీ ఆటో మీద వచ్చేవాళ్ల పేర్లు కనుక్కోండి ముందు.

మూడో_అంతస్తు:
తమ్ముడూ, మా ఆటో మీద వచ్చే ఆమె పేరు నాకు తెలియదు. ఐదేళ్లయింది ఈ ఇంట్లోకి వచ్చి. రేపు అడుగుతా.

రాత్రి_డ్యూటీ:
నేను నర్సును. పైన తమ్ముడి పోస్టు చదివి ఇది రాస్తున్నా. ఇప్పుడు ఇంట్లో ఇన్సులిన్ వేసుకునేవాళ్లు ప్రతి వీధిలో ఉన్నారు, ఆ సూదులు నేరుగా చెత్త డబ్బాలో వేస్తారు. దయచేసి గట్టి ప్లాస్టిక్ డబ్బా ఒకటి పెట్టుకోండి, ఖాళీ హార్పిక్ బాటిల్ లాంటిదైనా సరే, సూది అందులో వేసి మూత బిగించి, నిండాక మీద "సూదులు" అని తెలుగులో పెద్దగా రాసి వేరుగా చేతికివ్వండి. గాజు ముక్కలు పాత పేపర్లో రెండు మూడు చుట్లు చుట్టి దాని మీద కూడా రాయండి. ప్యాడ్లు, డైపర్లు పేపర్లో చుట్టి వేరుగా ఇవ్వాలి. గడువు దాటిన మందులు బాత్రూంలో పారపోయకండి, అవి కూడా వేరే కవర్లో ఇవ్వండి. సెల్లు బ్యాటరీలు, పాత ఛార్జర్లు, సీఎఫ్ఎల్ బల్బులు రోజూ ఇవ్వాల్సిన పని లేదు, కమిటీ రెండు నెలలకోసారి ఒక రోజు పెట్టి తీసుకుంటే చాలు. సీఎఫ్ఎల్‌లో పాదరసం ఉంటుంది, పగలనీయకండి.

కాంటా_కాకా:
నర్సమ్మ బాగా చెప్పింది. మా దగ్గర ఏరే పిల్లగానికి రెండుసార్లు సూది గుచ్చుకుంది, టెస్టు రిపోర్టు వచ్చేదాకా వాళ్లింట్లో ఎవరూ నిద్రపోలేదు.

పుణెలో చెత్త ఏరేవాళ్లంతా కలిసి స్వచ్ అని సొంతంగా సహకార సంఘం పెట్టుకుని, అక్కడి కార్పొరేషన్‌తో ఒప్పందం చేసుకుని ఇంటింటికీ పోయి చెత్త తీసుకుంటున్నారు, 2008 నుంచి. పొడి చెత్త అమ్ముకునే హక్కు వాళ్లదే. మా బండ్ల వాళ్లకు కనీసం ఐడీ కార్డు ఉంటే చాలు, కొన్ని కాలనీల్లో వాచ్‌మన్లు దొంగల్లాగా చూసి గేటు దగ్గరే ఆపేస్తారు. గుట్టకింది అన్నా, మీ అసోసియేషన్ స్టాంపు వేసి ఒక కార్డు ఇవ్వగలరా? ఖర్చు పది రూపాయలు.

సద్దుల_రోజు:
మీ కాలనీ పద్మాక్షి గుట్ట దగ్గర అన్నారు కాబట్టి, అక్కడి గుండంలో వేసే బతుకమ్మల గురించి ఒక మాట. మా అమ్మమ్మ పేర్చిన బతుకమ్మలో తంగేడు, గునుగు, గుమ్మడి ఆకు, బంతి తప్ప ఏమీ ఉండేది కాదు, నీళ్లలో వేస్తే నీళ్లలో కలిసిపోయేది. ఇప్పుడు గునుగు పువ్వుకు బజారు రంగులు అద్దుతున్నాం, ఎత్తు కోసం లోపల థర్మకోల్, కవర్లు కూరుతున్నాం, ప్లాస్టిక్ పూలు గుచ్చుతున్నాం, ప్రసాదం కవర్లు ఒడ్డునే వదిలేస్తున్నాం. నేను కూడా చేశాను, పోయినేడు పోటీలో బహుమతి కోసం ఎత్తు పెంచాను, సిగ్గుగానే చెప్తున్నా.

2024 నవంబరులో పూడిక తీయడానికి భద్రకాళి చెరువు ఖాళీ చేసినప్పుడు పోయి చూశాను. బురదలో కవర్లు, సీసాలు, పటాల ఫ్రేములు, కొబ్బరికాయలు కట్టి తెచ్చిన ఎర్రగుడ్డలు. దేవుడికని మనం భక్తితో వేసినవే ఎక్కువ కనపడ్డాయి.

సద్దుల రోజు మెట్ల దగ్గర నలుగురు వలంటీర్లు పెద్ద గోనె సంచులు పట్టుకుని నిలబడి, కవరు ఇటు, పూలు అటు అని చెప్తే చాలు. ఆడవాళ్లు నిలబడితేనే వింటారు, మగపిల్లలు నిలబడితే గొడవైపోతుంది.

విందు_లెక్క:
కాలనీలో ఫంక్షన్ హాలు ఉందా? ఒక్క పెళ్లితో వచ్చే చెత్త తక్కువేమీ కాదు. మా చెల్లి పెళ్లికి నేనే పట్టుబట్టి చిన్న నీళ్ల బాటిళ్లు వద్దన్నాను, స్టీలు గ్లాసులు పెట్టించాను, ములుగు వైపు నుంచి మోదుగాకు విస్తర్లు తెప్పించాను. మా పెదనాన్న మూడు రోజులు అలిగాడు, "గ్లాసుల్లో నీళ్లు పోస్తే మనల్ని పేదోళ్లనుకుంటారు" అని. భోజనాలయ్యాక విస్తర్లు ఆవులు తిన్నాయి.

సిద్దిపేటలో స్టీలు బ్యాంకు అని పెట్టారు, ప్లేట్లు, గ్లాసులు, గిన్నెలు ఫంక్షన్లకు ఇచ్చి మళ్లీ తీసుకుంటారు. అక్కడే స్వచ్ఛ బడి అని, చెత్తను ఏం చేయాలో నేర్పే చోటు కూడా ఉంది, బస్సెక్కి పోయి చూసి రావచ్చు. మీ 20,000కు మూడు వందల ప్లేట్లు రాకపోవచ్చు, కానీ కాలనీలో ఇంటికొకరు నాలుగు స్టీలు ప్లేట్లు అటక మీంచి దించితే 560 ప్లేట్లు. అందరి అటకల మీదా పెళ్లినాటి గిన్నెలున్నాయి, ఎవరూ వాడరు.

ఓరుగల్లు_సందేహం:
మా అటక మీద రెండు డజన్లు ఉన్నాయి, మా ఆవిడ ఇవ్వదు. వాటి మీద మా మామగారి పేరు చెక్కి ఉంది.

విందు_లెక్క:
పేరుంటేనే మంచిది, తిరిగొస్తాయి.

నాలా_పక్కిల్లు:
నాది నయీంనగర్. చెత్త గురించి మాట్లాడేటప్పుడు 2020 ఆగస్టు, 2023 జూలై వానలు మర్చిపోకండి. ఇంట్లోకి మోకాళ్ల దాకా నీళ్లు వచ్చాయి. నాలాలు కబ్జా అయ్యాయి, చెరువులు కుదించుకుపోయాయి, అవన్నీ నిజమే, అవే పెద్ద కారణాలు. కానీ నీళ్లు దిగాక మా గోడకు అంటుకుని ఉన్నవి ఏమిటంటే కవర్లు, థర్మకోల్ ప్లేట్లు, ఒక పరుపు. పరుపు! నాలాలో పరుపు ఎవరు వేస్తారండీ? పాత బట్టలు, పరుపులు ఎవరికివ్వాలో తెలియకే వేస్తారు. మా అమ్మ కాలంలో పాత చీరలు బొంతలు కుట్టేవాళ్లు, మిగిలినవి ఇచ్చి స్టీలు గిన్నెలు తీసుకునేవాళ్లు. ఇప్పుడు గిన్నెలమ్మే ఆమె మా వీధికి రావడం లేదు. వస్తే చెప్పండి ఎవరైనా.

(మూడు వారాల తర్వాత)

గుట్టకింది_ఇల్లు:
ఆలస్యానికి క్షమించండి, కమిటీలో కొట్లాటలు అయ్యాయి. ముగ్గురు మానేశారు. ర్యాలీ లేదన్నందుకు ఒకరు, కార్డుల విషయంలో ఇద్దరు. ఆరుగురం మిగిలాం, ఇప్పుడే కొంచెం పని సాగుతోంది.

ఆటో_వెనక తమ్ముడు చెప్పినట్టు మొదట పేర్లు కనుక్కున్నాం. డ్రైవరు, ఆయన భార్య ఇద్దరూ మా ఆటో మీదే. ఒక పొద్దున ఆయన్ను అడిగి, స్కూటీ మీద ఆటో వెనకాలే తిరిగాను, మొదటి ఇంటి నుంచి చివరిదాకా, అక్కడి నుంచి పొడి చెత్త ఏరే కేంద్రానికి. డీఆర్‌సీసీ అంటారట. అక్కడ ఆడవాళ్లు కింద కూర్చుని ఒక్కొక్క కవరు విప్పి చేత్తో విడదీస్తున్నారు. అరగంట కూర్చుని నేను కూడా ఏరాను. ఎవరి ఇంటి చెత్తలోనో చికెన్ ఎముకలు, వాటి కింద కరెంటు బిల్లు, ఆ బిల్లు మీద పేరు, మా వీధి వాళ్లదే. పేరు చెప్పను. మా ఇంటిది కూడా దొరుకుతుందేమోనని భయపడుతూనే ఏరాను.

140 ఇళ్లూ ఒకేసారి పెట్టుకోలేదు. ఒక్క వీధి తీసుకున్నాం, 22 ఇళ్లు, ఆటో మొదట ఆగేది అక్కడే. ఎందుకంటే తడి అర నిండకముందు మా చెత్త ఎక్కాలి, తమ్ముడి పోస్టు చదవకపోతే ఈ సంగతి మాకు తట్టేది కాదు. 22లో ఇప్పుడు 15 ఇళ్లు వేరు చేస్తున్నాయి. రెండు ఇళ్లు తలుపు తీయలేదు, ఒకాయన "మేము ట్యాక్సు కడుతున్నాం" అని లోపలికి పోయాడు, మిగతావాళ్లు రేపటి నుంచి అంటున్నారు.

పొడి చెత్త రోజూ ఇవ్వడం లేదు, గోనె సంచిలో వేసి శనివారం ఇస్తున్నాం. శనివారం ఇస్తే ఆటో ఆమెకు ఒకేసారి ఏరడం సులువు అని ఆమే చెప్పింది. సూదుల డబ్బాలు మూడిళ్లలో పెట్టారు.

ఖర్చు ఇప్పటికి 4,100. గోనె సంచులు, రెండు డ్రమ్ములు, ముడి విప్పడానికి వీలుగా ఉండే పలుచని గ్లౌజులు (రాత్రి_డ్యూటీ మేడం ఏ రకం కొనాలో చెప్పారు). కార్డులు నాలుగు చేయించాం, కాకా పంపిన ఇద్దరికి ఇచ్చాం. ఫ్లెక్సీ లేదు, దాని బదులు నా కూతురు గోడ మీద రంగుతో రాసింది, అక్షరదోషం ఒకటి ఉంది, దిద్దాలి.

కంపోస్టు మాత్రం కంపు కొడుతోంది. ఎండుటాకు అన్నా, ఫొటో పంపుతా, చూడండి.

ఎండుటాకు:
చూశా. అన్నం ఎక్కువ, ఆకులు తక్కువ. మొత్తం బయటికి తీసి, ఎండుటాకులు కలిపి మళ్లీ వేయండి. వారంలో తగ్గుతుంది.

ఓరుగల్లు_సందేహం:
ఆటో వెనకాల పోయి చూడాలని నాకు రెండేళ్లలో తోచలేదు. మా వీధి చివరిది అయి ఉంటుంది ఆ రూట్లో. ఆటో మొదట ఏ వీధికి వస్తుందో ఎవరిని అడగాలి?

ఆటో_వెనక:
అతన్నే అడగండి అన్నా. పొద్దున ఏడింటికి టీ తాగడానికి ఆగుతారు ఎక్కడో ఒకచోట, అప్పుడైతే మాట్లాడతారు.

కాంటా_కాకా:
గుట్టకింది అన్నా, మీ శనివారం అట్టలు బాగున్నాయి, కట్ట కట్టి పంపారు. ఇప్పుడు మబ్బు పట్టింది, ఆ గోనె సంచులు వాకిట్లో పెట్టకుండా షెడ్డు కిందికి జరుపుకోమని చెప్పండి.